11 కుక్కలతో నిలబడిన జాతి

చిరంజీవులు చిన్నీకి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. హవనీస్ కుక్కపిల్ల కావాలని మీరిద్దరూ అమ్మను పోరుతున్నారని ఫోన్‌లో చెప్పింది. ముప్పై ఏళ్ల పైన పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ని, కుక్క సంగతి వచ్చాక ఊరుకుంటానా! ఈ జాతి ఇవాళ మీ డాలస్‌లో దొరుకుతోందంటే దాని వెనక ఒక భార్యాభర్తల శ్రమ ఉంది. అది తెలుసుకున్నాక కుక్కపిల్ల మాట ఆలోచిద్దాం.

హవనీస్ సొంత ఊరు క్యూబా. హవానా నగరం పేరే దానికి వచ్చింది. బరువు ఐదారు కిలోలు మించదు. ఒళ్లంతా పొడవాటి పట్టులాంటి జుట్టు. వేటకూ కాపలాకూ కాదు, మనిషి పక్కన ఉండటానికే పెంచిన జాతి. అక్కడి కలిగినవాళ్ల ఇళ్లలో ఎక్కువగా ఉండేవి. 1959లో క్యూబాలో విప్లవం వచ్చింది. ఆస్తిపాస్తులున్న కుటుంబాలు చాలావరకు అమెరికాకు వెళ్లిపోయాయి. ఇల్లూ వాకిలీ వదిలి పోయేవాళ్లలో కుక్కను వెంట తీసుకెళ్లినవాళ్లు ఎందరుంటారు? కొద్దిమందే.

కొలరాడోలో ఉండే డోరతీ, బెర్ట్ గుడేల్ దంపతులు 1970లలో ఈ జాతి కోసం వెతకడం మొదలుపెట్టారు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల దగ్గర ముందు ఆరు కుక్కలు దొరికాయి: ఒక తల్లి, దాని నాలుగు ఆడపిల్లలు, వాటితో రక్తసంబంధం లేని ఒక చిన్న మగకుక్క. అసలు చిక్కు ఇక్కడే ఉంది, జాగ్రత్తగా చదవండి.

ఆ ఒక్క మగదాన్నే అయిదు ఆడవాటితో జత కట్టిస్తే పుట్టే పిల్లలన్నింటికీ తండ్రి ఒకడే. అంటే తర్వాతి తరంలో దేన్ని దేనితో కలిపినా అన్నాచెల్లెళ్లే. మనవైపు మేనరికాలు వద్దని డాక్టర్లు ఎందుకంటారో మీ అమ్మనడగండి, కారణం అదే. ప్రతి జీవిలోనూ పైకి కనిపించని లోపాలు కొన్ని ఉంటాయి. ఒక్కో గుణానికి అమ్మ నుంచి ఒక జన్యువు, నాన్న నుంచి ఒక జన్యువు వస్తాయి, రెండూ అదే లోపంతో వస్తేనే అలాంటివి బయటపడతాయి. దగ్గరి చుట్టాల్లో అలా జరిగే అవకాశం ఎక్కువ.

హవనీస్‌లోనే దీనికి తమాషా ఉదాహరణ ఉంది. పొడవు జుట్టున్న తల్లిదండ్రులకు ఒక్కోసారి పొట్టి జుట్టు పిల్ల పుడుతుంది. ఆ గుణం ఇద్దరిలోనూ దాగి ఉంటే, సగటున నాలుగింట ఒకటి అలా వస్తుంది. పొట్టి జుట్టుతో వచ్చే నష్టమేమీ లేదనుకోండి, ముద్దుగానే ఉంటుంది. కానీ చిన్న వయసులోనే కంట్లో శుక్లాలు, చెవుడు లాంటివి బయటపడితే నష్టమే.

తర్వాత కోస్టారికా నుంచి మరో ఐదు మగకుక్కలు గుడేల్ దంపతుల చేతికొచ్చాయి. మొత్తం 11. కొత్త మగవి వచ్చాకే ఏది ఎవరి బిడ్డో రాసుకుని, దూరపు జతలు చూసుకునే వీలు కలిగింది. అమెరికాలో ఈ జాతి చాలావరకు ఆ పదకొండింటి సంతానమే.

పెంపకమంటే ముద్దుచేయడం అనుకుంటారు. కాదర్రా. చూలు రెండు నెలలు. పుట్టిన పిల్లలకు తమ ఒంటివేడి నిలుపుకోవడం కూడా రాదు, కళ్లు తెరవడానికి రెండు వారాలు పడుతుంది. రోజూ తూచాలి. ఒకటి బరువు పెరగకపోతే ఆ రాత్రి ఇంట్లో నిద్రుండదు. వీటన్నిటికంటే కష్టమైనది, ఎంత ప్రేమగా పెంచినా లోపం కనబడ్డ కుక్కను పిల్లల కోసం జత కట్టించకుండా ఆపేయడం. డబ్బు కోసం పెంచేవాళ్లు అక్కడే జారిపోతారు.

1979లో అమెరికాలో హవనీస్ క్లబ్ ఏర్పడింది, దాని వెనకా ఈ దంపతులే. అక్కడ కుక్కజాతుల్ని నమోదు చేసే సంస్థ అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1996లో ఈ జాతిని గుర్తించి, 1999లో టాయ్ గ్రూపులో, అంటే చిట్టి కుక్కల వర్గంలో చేర్చింది. విచిత్రమేమంటే డోరతీ గారికి ఆ గుర్తింపు ఇష్టం లేదు, వేరే క్లబ్ పెట్టుకున్నారు. ఎవరిది ఒప్పో నేను తేల్చను. కానీ ఒక జాతికి పేరొస్తే దాన్ని కోళ్ల ఫారంలా పెంచి అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు. అది నా సర్వీసులో చూశాను.

కాబట్టి కుక్కపిల్లను అమ్మేవాళ్లను ముందు ఇవి అడగండి: తల్లిదండ్రుల కళ్లు, మోకాటి చిప్పలు, వినికిడి పరీక్ష చేయించారా? రిపోర్టులు చూపిస్తారా? తల్లిని చూడనిస్తారా? ఫొటో పంపించి డబ్బులు కట్టమంటే అక్కడ బేరం వద్దు.

మంచివాళ్లయితే తిరిగి మిమ్మల్నే ప్రశ్నలేస్తారు, విసుక్కోకండి. ఈ జాతి ఒంటరిగా ఉండలేదు, గదిలోంచి గదిలోకి మీ వెంటే తిరుగుతుంది. పగలు మీరు స్కూల్లో, అమ్మానాన్నలు ఆఫీసుల్లో ఉంటే ఇంట్లో దానితో ఎవరుంటారని అడుగుతారు. దానికి జవాబు నాకూ రాసి పంపండి.

మీ తాతయ్య