కాలాలు కలిపి కొట్లాట పెడితే గెలిచేదెవరు?

1967లో మర్రే వొరోనర్ అనే మయామీ రేడియో నిర్మాతకు ఒక తమాషా ఆలోచన వచ్చింది. వేర్వేరు కాలాల హెవీవెయిట్ ఛాంపియన్లను కంప్యూటర్‌లో పోటీకి దింపి, ఆ పోరాటాలను నిజంగా జరుగుతున్నట్టే రేడియోలో వినిపించాలనుకున్నాడు. ఒక్కో బాక్సర్‌కు వేగం ఎంత, దెబ్బలో బలం ఎంత, తట్టుకునే శక్తి ఎంత అని బాక్సింగ్ రచయితలను అడిగి, ఆ అంకెలన్నీ ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌కి ఎక్కించారు. ఫైనల్లో రాకీ మార్సియానో జాక్ డెంప్సీని ఓడించాడు. అప్పటికి ఒక్కసారి కూడా ఓడని మహమ్మద్ అలీ మాత్రం, ఎప్పుడో 1905లోనే టైటిల్ వదిలేసి వెళ్లిన జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని మెషీన్ తేల్చింది.

అలీ ఊరుకుంటాడా? పరువు తీశారని పది లక్షల డాలర్లకు దావా వేశాడు. కొన్నాళ్లకు రాజీ కుదిరింది. అలీ, మార్సియానో ఇద్దరూ కెమెరా ముందు ఉత్తుత్తి పోరాటం చేయాలి, గెలుపెవరిదో కంప్యూటర్ చెబుతుంది. రిటైరై 13 ఏళ్లయిన మార్సియానో 1969లో ఒళ్లు తగ్గించుకుని, నెత్తిన విగ్గు పెట్టుకుని మళ్లీ రింగ్‌లోకి వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేసినప్పుడు 13వ రౌండ్‌లో మార్సియానో అలీని నాకౌట్ చేశాడు. ఐరోపాలో చూపించినదాంట్లో అలీ గెలిచాడు. ఆ సరికి మార్సియానో బతికి లేడు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు.

ఆ కంప్యూటర్‌ను వెక్కిరించడం తేలికే. కానీ దాని తప్పు లెక్కలో లేదు, లెక్కకు ఇచ్చిన సరుకులో ఉంది. 'తట్టుకునే శక్తి' అని రాసిన అంకె ఎవరూ కొలిచింది కాదు, ఒక రచయిత అభిప్రాయం. అభిప్రాయాన్ని అంకెగా మార్చి మెషీన్‌లో వేస్తే బయటికొచ్చేదీ అభిప్రాయమే, కాకపోతే కాస్త దర్జాగా వస్తుంది.

అయినా ఈ ప్రశ్నలో లెక్కకు దొరికే భాగం కొంత ఉంది. ముందు ప్రశ్నేమిటో తేల్చుకోవాలి. 1919 నాటి డెంప్సీని ఉన్నపళంగా ఎత్తి ఇవాళ్టి రింగ్‌లో దింపడం ఒకటి. డెంప్సీ ఈ రోజుల్లో పుట్టి, ఇప్పటి తిండి తిని, ఇప్పటి కోచ్‌ల దగ్గర పెరిగితే ఏమయ్యేవాడన్నది మరొకటి. రెండోది నిజానికి పుట్టని మనిషి గురించి ఊహ. వాదించేవాళ్లు చాలామంది ఒకదానితో మొదలుపెట్టి, ఓడిపోతున్నామనిపించగానే రెండోదానిలోకి జారుకుంటారు. నేను మొదటిదానికే కట్టుబడతాను. ఎవరినైనా వాళ్ల అత్యుత్తమ దశలో ఉన్నది ఉన్నట్టు తీసుకురావాలి.

అలా తీసుకొస్తే మొదట కంటికి కనబడేది సైజు. మార్సియానో 5 అడుగుల 10 అంగుళాలు, సుమారు 84 కిలోలు. డెంప్సీ 85 కిలోలు. ఇప్పుడు 90.7 కిలోల లోపు వాళ్లకు క్రూజర్‌వెయిట్ అని విడిగా ఒక విభాగం ఉంది, ఆ ఇద్దరూ అందులోకి వెళ్తారు. ఈ కాలపు బ్రిటన్ హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాలు. 2024 డిసెంబరులో రింగ్‌లోకి దిగినప్పుడు 127 కిలోలున్నాడు. మార్సియానో పక్కన అతన్ని ఊహించుకుంటే పోలికే అనవసరం అనిపిస్తుంది.

అయితే బరువు ఎక్కువైన కొద్దీ పంచ్ బలం అదే లెక్కన పెరుగుతుందనుకోవడం పొరపాటు. 1985లో బ్రిటన్ పరిశోధకులు ఫ్రాంక్ బ్రూనో పంచ్‌ను కొలిచారు. తర్వాత పదేళ్లకు ఛాంపియన్ అయిన బ్రూనోనే. పిడికిలి సెకనుకు 8.9 మీటర్ల వేగంతో వచ్చి తాకింది. తగిలిన 14 మిల్లీసెకన్లలోనే బలం 4,096 న్యూటన్లకు చేరింది. పరిశోధకుల మాటల్లో చెప్పాలంటే, మెత్త చుట్టిన ఆరు కిలోల చెక్క సుత్తి గంటకు 20 మైళ్ల వేగంతో తగిలినట్టు. బ్రూనో బరువు నూరు కిలోల పైమాటే, దెబ్బ వెనక పనిచేసింది మాత్రం ఆరు కిలోలకు సమానమైన బరువు. శరీరం మొత్తం పిడికిలి వెనక రాదు. నేలను తన్నిన కాలి నుంచి నడుము తిరిగి, భుజం మీదుగా, బిగిసిన మణికట్టు దాకా ఎంత బరువు ఒకే క్షణంలో కలిసి వస్తే అంత దెబ్బ. అది టెక్నిక్ మీద, సమయం మీద ఆధారపడేది. 84 కిలోల మార్సియానో 49 పోరాటాల్లో 43 నాకౌట్లు చేయడంలో వింతేమీ లేదు. పైగా మనిషి పడిపోవడానికి ముఖ్య కారణం తల ఒక్కసారిగా గిర్రున తిరగడం. మోచేయి వంచి పక్కనుంచి దవడకు వేసే హుక్ ఆ పనే చేస్తుంది. దానికి 120 కిలోల మనిషే అక్కర్లేదు.

మరి సైజు లాభం ఎక్కడ? దూరంలో. ఫ్యూరీ రీచ్, అంటే రెండు చేతులూ చాపినప్పుడు ఈ వేలి చివర నుంచి ఆ వేలి చివరకు, 85 అంగుళాలు. మార్సియానోది 68. ఒక్కో చేతికి లెక్కేస్తే తేడా 20 సెంటీమీటర్ల పైనే. ఫ్యూరీ పిడికిలికి ఆ 20 సెంటీమీటర్లు సెకనులో యాభయ్యో వంతు పని. మార్సియానోకు మాత్రం అది చేతితో అయ్యే పని కాదు, ఒంటిని ముందుకు నెట్టాలి. అడుగు వేగం సెకనుకు రెండు మీటర్లనుకున్నా పదో వంతు సెకను పడుతుంది. కంటితో చూసి స్పందించడానికి మనిషికి పట్టేది సెకనులో ఐదో వంతు. అందులో సగం సమయం ఎదుటివాడికి ఊరికే ఇచ్చినట్టే, అదీ ప్రతిసారీ. ఇది మోటు లెక్కే అయినా, పొట్టివాళ్లు ఎందుకు తల ఊపుతూ, వంగుతూ లోపలికి దూరతారో దీంతో అర్థమవుతుంది. దూరాక ఇంకో బాధ ఉంది. పెద్దవాడు పట్టేసుకుని, తన బరువంతా మెడ మీద వేసి వాలిపోతాడు. పది రౌండ్లు అలా మోస్తే కాళ్లు పీకుతాయి.

చరిత్ర దీన్ని కొంత ఒప్పుకుంటుంది, కొంత ఒప్పుకోదు. 1919 జులై 4న టొలీడోలో డెంప్సీ తనకన్నా 26 కిలోలు ఎక్కువున్న జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. జో లూయిస్ 1935లో ప్రీమో కార్నెరా అనే భారీకాయుణ్ణి ఆరు రౌండ్లలో ముగించాడు. కానీ విల్లార్డ్, కార్నెరాల దగ్గర ఉన్నది సైజే, పనితనం అంతంతమాత్రం. లెనాక్స్ లూయిస్, క్లిచ్కో సోదరులు వచ్చాకే ఆరున్నర అడుగుల మనిషి కూడా జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ), కాళ్ల కదలిక, దూరం అంచనా అన్నీ నేర్చుకుని రావచ్చని తెలిసింది. ఇక చిన్నవాళ్ల పని అయిపోయిందనుకునే లోపు 2024 మేలో రియాద్‌లో 101 కిలోల ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ 119 కిలోల ఫ్యూరీని ఓడించాడు. డిసెంబరులో ఫ్యూరీ ఇంకా బరువెక్కి వచ్చినా మళ్లీ ఓడించాడు. కాబట్టి 15, 20 కిలోల తేడా దాటరానిది కాదు. 40 కిలోల తేడా మాత్రం వేరే సంగతి.

సైజు గురించి ఇంత వాదించేవాళ్లు రూల్స్‌ను మర్చిపోతారు. నా లెక్కలో అసలు గొడవంతా అక్కడే. డెంప్సీ విల్లార్డ్‌ను పడగొట్టిన ప్రతిసారీ పక్కనే నిలబడి, లేవగానే మళ్లీ కొట్టాడు. ఇప్పుడైతే దూరంగా మూలకు వెళ్లి నిలబడాలి. జెఫ్రీస్ 1899లో టామ్ షార్కీతో 25 రౌండ్లు ఆడాడు. 1982లో ఒక టైటిల్ పోరాటం తర్వాత కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ చనిపోయాక, 15 రౌండ్లు క్రమంగా 12కి తగ్గాయి. ఆ మూడు రౌండ్ల తేడా చిన్నదేమీ కాదు. 1941లో జో లూయిస్ మీద బిల్లీ కాన్ 12 రౌండ్లయ్యేసరికి మూడు పాయింట్ల లెక్కల్లో రెండింటిలో ముందున్నాడు, మూడో లెక్క సమానం. లూయిస్ 13వ రౌండ్‌లో నాకౌట్ చేసి బయటపడ్డాడు. 1952లో మార్సియానో టైటిల్ గెలిచిన రాత్రీ అంతే. మూడు లెక్కల్లోనూ వెనకబడి, 13వ రౌండ్‌లో జెర్సీ జో వాల్కాట్‌ను ఒక్క కుడిచేతి దెబ్బతో కూల్చాడు. ఇవాళ్టి 12 రౌండ్లు ఉండి ఉంటే కాన్ ఛాంపియన్ అయ్యేవాడు, మార్సియానో 49–0 రికార్డే ఉండేది కాదు. (ఆ సినిమాలోనూ అలీ పడింది 13వ రౌండ్‌లోనే. రాసినవాళ్లకు ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది.)

చదరంగంలో వాడే ఎలో రేటింగ్‌తో ఛాంపియన్లందరినీ వరసలో నిలబెడదామని కొందరి ప్రయత్నం. రేటింగ్ చెప్పేది ఆటగాడు తన కాలంవాళ్ల మధ్య ఎంత ముందున్నాడన్నదే. రెండు కాలాలను కలపాలంటే మధ్యలో వంతెన కావాలి, అది ఎప్పుడూ ముసలి మనిషే. ఆర్చీ మూర్ 1955లో మార్సియానో చేతిలో, 1962లో అలీ చేతిలో ఓడిపోయాడు. రెండోసారి అతను నలభై దాటి చాలా ఏళ్లయినవాడు. దాంట్లోంచి మార్సియానో, అలీల గురించి ఏం తేలుతుంది? జార్జ్ ఫోర్‌మన్ లాంటి వంతెన కాస్త నయం. 1974లో అలీ చేతిలో ఓడిన మనిషి ఇరవై ఏళ్ల తర్వాత, 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను నాకౌట్ చేసి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. పాతకాలంవాళ్లు కొత్తవాళ్ల ముందు తేలిపోతారన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు కనబడలేదు.

రేటింగ్‌తో ఇంకో చిక్కుంది. ఎ బిని, బి సిని ఓడిస్తే ఎ సిని ఓడించాలన్నది దాని నమ్మకం. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. 1974లో అలీ ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు. రాయి, కాగితం, కత్తెర ఆట ఇది, ఇందులో మొదటి ర్యాంకు ఎవరిదని అడిగితే జవాబుండదు. కెన్ నార్టన్ 1973లో అలీ దవడ విరగ్గొట్టి మరీ గెలిచాడు. అదే నార్టన్ ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లు నిలవలేదు.

ఆడనివ్వనివాళ్ల సంగతీ కలుపుకోవాలి. 1915లో జాక్ జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నాక 1937లో జో లూయిస్ దాకా ఏ నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ పోరాటం ఇవ్వలేదు. హ్యారీ విల్స్ ఏళ్ల తరబడి అడిగినా డెంప్సీతో పోరాటం జరగలేదు. క్యూబా బాక్సర్ టియోఫిలో స్టీవెన్సన్ మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినా ప్రొఫెషనల్‌గా ఆడలేదు. 'ఆ కాలపు అత్యుత్తముడు' అన్నప్పుడల్లా ఈ పేర్లు పక్కన పెట్టే అంటున్నాం.

ఇక మన ఊహాపోరాటాలు. ఒక్క రాత్రి ఫలితం చెప్పడం దండగ, పదిసార్లు ఆడితే ఎన్నిసార్లు అన్నదే సరైన ప్రశ్న. మార్సియానోకు ఫ్యూరీ మీద పదికి ఒకటి ఇస్తాను, అదీ 15 రౌండ్లుంటేనే. 1966 నాటి అలీ మీద రెండు. జో లూయిస్‌కు ఫ్యూరీ మీద నాలుగు ఇవ్వడానికి నాకు మొహమాటం లేదు. అంత పొదుపుగా, వరసగా దెబ్బలు వేసే చేతులు తర్వాత ఎక్కువ రాలేదు.

వీటన్నిటికన్నా నాకు ఆసక్తి అలీ, ఉసిక్‌ల మీద. ఇద్దరి ఎత్తూ 6 అడుగుల 3 అంగుళాలే, రీచ్ దాదాపు ఒకటే, బరువులో తేడా పెద్దదేమీ కాదు. సైజు గొడవ పోతే మిగిలేది పనితనమే. ఉసిక్ ఎడమచేతివాటం. 1966 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్ల్ మిల్డెన్‌బర్గర్ అనే ఎడమచేతివాటం బాక్సర్‌తో అలీ ఇబ్బంది పడుతూనే 12వ రౌండ్ దాకా లాగాల్సి వచ్చింది. ఉసిక్ అంతకన్నా చాలా మెట్లు పైన ఉన్నవాడు. కానీ ఉసిక్ ఎదుర్కొన్న పెద్ద మనుషుల్లో ఎవరికీ అలీ కాళ్లు లేవు. ఉసిక్ గెలిచేది ఎదుటివాణ్ణి వెంటాడి అలసటకు గురిచేసి, ఆ ఎత్తుగడ 1966 నాటి అలీ మీద పారదు. 12 రౌండ్లయితే చెరి ఐదు. 15 అయితే అలీకి ఆరు.