మంచు కరిగిపోయాక స్కేటింగ్ వాళ్లు ఏం చేస్తారు?

బెంగళూరు,
జయనగర్.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య దీవించి రాసేది.

నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర మన చిన్నది ఒక ప్రశ్న అడిగింది. భుజాన స్కేట్ల సంచీ, మోకాళ్లకు ఇంకా విప్పని ప్యాడ్లు. "తాతయ్యా, మంచు మీద స్కేటింగ్ చేసేవాళ్లు ఎండాకాలంలో మంచు కరిగిపోతే ఏం చేస్తారు? మనలాగా చక్రాలు కట్టుకుంటారా?" అంది. కట్టుకునేవాళ్లూ ఉన్నారమ్మా. కానీ వాళ్లలో చాలామంది సైకిలెక్కుతారు. అలా సైకిలెక్కి అక్కడితో ఆగని ఒకావిడ గురించి చెప్పాలి. అది లిఫ్టు మన అంతస్తుకు చేరేలోపు అయ్యే కబురు కాదు.

ఆవిడ పేరు సెయికో హషిమోతో. జపాన్ ఉత్తరాన హొక్కైడో అనే దీవి ఉంది, చలికాలంలో చెరువులు గడ్డకట్టే చోటు. అక్కడ 1964 అక్టోబరు 5న పుట్టింది. సరిగ్గా ఐదు రోజులకు టోక్యోలో ఒలింపిక్స్ మొదలయ్యాయి. ఒలింపిక్ జ్యోతిని వాళ్ల భాషలో 'సెయికా' అంటారు. ఇంట్లోవాళ్లు దాని మీదుగానే ఆ పేరు పెట్టారు. మూడో తరగతిలో కిడ్నీ జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఉంచారు, ఆటలు మాన్పించారు. ఆ పిల్లే పెద్దయ్యాక ఏడు ఒలింపిక్స్‌కు వెళ్లింది. 1984, 1988, 1992, 1994 శీతాకాలపు పోటీల్లో స్పీడ్ స్కేటింగ్. 1988, 1992, 1996 వేసవి పోటీల్లో సైకిల్. సంవత్సరాలు మళ్లీ ఒకసారి చూడండి. 1988 రెండింట్లోనూ ఉంది, 1992 కూడా. 1988 ఫిబ్రవరిలో కాల్గరీలో 500 మీటర్ల నుంచి 5000 మీటర్ల దాకా ఉన్న ఐదు స్కేటింగ్ పందేలూ పరుగెత్తి, అదే ఏడు సెప్టెంబరులో సియోల్‌లో సైకిల్ స్ప్రింట్, అంటే ట్రాక్ మీద తక్కువ దూరపు పందెం, తొక్కింది.

రెండు వేరు వేరు ఆటలు ఒకే మనిషికి ఎలా అబ్బాయని అడుగుతారు. అవి అంత వేరు కావు. అది తెలియాలంటే కవ్వం గురించి చెప్పాలి.

మిక్సీలు రాకముందు మజ్జిగ చిలకడం ఇలా ఉండేది. కుండలో కవ్వం నిలబెట్టి, దాని కాడను గుంజకు వదులుగా కట్టేవారు. కాడ చుట్టూ తాడు రెండు మూడు చుట్లు వేసి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకునేవారు. కుడిచెయ్యి లాగుతుంటే ఎడమచెయ్యి వదలాలి. ఎడమచెయ్యి లాగుతుంటే కుడిచెయ్యి వదలాలి. రెండూ ఒకేసారి లాగితే తాడు బిగుసుకుని కవ్వం నిలిచిపోతుంది. రెండూ వదిలేస్తే తాడు జారిపోతుంది. లాగడం ఎంత పనో వదలడమూ అంత పనే. చేతులు లాగేది మన వైపుకి, తిరిగేది కవ్వం, పైకి తేలేది వెన్న. చేసే పని ఒక దిక్కున, దక్కే ఫలం ఇంకో దిక్కున.

స్కేటింగూ అంతే. మంచు మీద కాలు వెనక్కి తన్నితే ముందుకు పోము. బ్లేడు పొడవునా జారే వస్తువు కాబట్టి తన్నిన కాలే వెనక్కి జారిపోతుంది. అడ్డంగా మాత్రం జారదు, దాని అంచు మంచులో దిగి పట్టుకుంటుంది. అందుకని పక్కకు తొయ్యాలి. కుడికాలు కుడిపక్కకు తోస్తుంటే ఒంటి బరువంతా మెల్లగా ఎడమకాలి మీదికి వెళ్లాలి. తోయడం అయిపోయిన కాలిని వదులుగా వెనక నుంచి తెచ్చి మళ్లీ ఒంటి కిందికి చేర్చాలి. బరువు రెండు కాళ్ల మీదా సగం సగం ఉంచితే కవ్వం తాడు బిగుసుకున్నట్టే, వేగం చచ్చిపోతుంది. మీలో చాలామంది చేసే తప్పు ఇదే. ఆవిడ రోజుల్లో బ్లేడు మడమ దగ్గర కూడా బూటుకు బిగించే ఉండేది. చివర్లో కాలివేళ్లతో కొంచెం నొక్కినా బ్లేడు మొన మంచులో గుచ్చుకుని బ్రేకు పడేది. మడమ దగ్గర విడిపోయే స్కేట్లు ఆ తరవాతే అందరికీ వచ్చాయి.

పక్కకు ఎక్కువ దూరం తోయాలంటే బాగా కిందికి వంగాలి. గోడకుర్చీ తెలుసుగా? తొడా పిక్కా దాదాపు మూలమట్టంగా ఉండేంత కిందికి. గోడ లేదు, పైగా ఒక్కసారి ఒక కాలి మీదే. ఒక్క నిమిషం చేసి చూడండి, తొడలు మండుతాయి. కండ బిగుసుకుని ఉన్నంతసేపూ అందులోకి నెత్తురు సరిగా పోదు, అందుకే ఆ మంట. ఆ భంగిమలో గంటల తరబడి సాధన చెయ్యడం ఎవరివల్లా కాదు. సైకిలు మీద అవే తొడలు పనిచేస్తాయి, కానీ ప్రతి చుట్టులోనూ ఒక్కొక్క కాలికి వదులు దొరుకుతుంది. తాడు వదిలినట్టు. అందువల్ల రోజూ గంటలు గంటలు తొక్కవచ్చు, ఊపిరీ పెరుగుతుంది. వేసవంతా స్కేటర్లు సైకిలు తొక్కేది ఇందుకే. ఆ ట్రాక్ పందేలకు వాడే సైకిలుకైతే బ్రేకులుండవు, తొక్కడం ఆపి జారనివ్వడమూ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. పైకి వచ్చే కాలిని తేలిక చెయ్యకపోతే దాని బరువును కిందికి నొక్కే కాలు మొయ్యాలి. రెండు ఆటల్లోనూ ఎడమవైపుకే తిరుగుతారు, అదొక వింత.

1992 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని ఆల్బర్ట్‌విల్‌లో, పైకప్పు లేని మంచు ట్రాక్ మీద, 1500 మీటర్ల పందెంలో ఆవిడకు కంచు పతకం వచ్చింది. 400 మీటర్ల ట్రాక్ మీద మూడుముప్పావు చుట్లు, 2 నిమిషాల 6.88 సెకన్లు. లెక్క వెయ్యండి, గంటకు 42 కిలోమీటర్ల పైమాటే. సొంత కాళ్ల మీద! మొదటి స్థానానికి తేడా ఒక సెకను, పైన సెకనులో నూరోవంతు. స్పీడ్ స్కేటింగ్‌లో జపాన్ ఆడవాళ్లకు అదే మొదటి ఒలింపిక్ పతకం. సైకిలులో పతకం రాలేదు. రాకపోతే ఆ ఎండాకాలాలు వృథా అయ్యాయా? కంచు తెచ్చిన తొడల్లో ఆ సైకిలు ఉంది. పదేళ్లు నిండకుండానే ఒక్క ఆట పట్టుకుని మిగతావన్నీ మానెయ్యమనే పెద్దల మాట నాకు నచ్చనిది అందుకే.

ఆటలన్నీ ముగించుకుని రాజకీయాల్లోకి వెళ్లిందనుకునేరు. అలా కాదు. 1995లో వాళ్ల పార్లమెంటు ఎగువసభకు ఎన్నికైంది. మన రాజ్యసభ లాంటిదే, కాకపోతే అక్కడ దానికి కూడా జనమే ఓట్లేస్తారు. ఆ మరుసటి ఏడాది, సభ్యురాలిగా ఉంటూనే, అట్లాంటా ఒలింపిక్స్‌లో సైకిలు తొక్కింది. 2000లో కాన్పు వచ్చింది. సభకు రాలేకపోతే కారణం రాసి ఇవ్వాలి, ఆ కారణాల్లో కాన్పు అన్న మాట అప్పటిదాకా లేదు. ఆ ఏడే నియమం మార్చి ఆ మాట చేర్చారు. పతకం కన్నా నాకు ఇది పెద్ద పని అనిపిస్తుంది. తరవాత వచ్చిన ప్రతి తల్లికీ అది పనికొస్తుంది కదా. 2019లో ఒలింపిక్స్ మంత్రి అయింది. 2021 ఫిబ్రవరిలో టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షురాలైంది. కరోనా వల్ల ప్రేక్షకులు లేని స్టేడియంలో, ఆ జూలై 23న జ్యోతి వెలిగింది. ఆ జ్యోతి పేరే తన పేరు.

ఇక మీ పని. స్కేట్ బూటు ఒక సైజు పెద్దది కొనిపించుకోకండి, లోపల పాదం కదిలితే చీలమండ లోపలికి వాలిపోతుంది. చక్రాలు లోపలి అంచున ముందు అరుగుతాయి. తోసేది ఆ అంచుతోనే. కుడి బూటు చక్రాలు ఎడమకు, ఎడమవి కుడికి మార్చి, అరిగిన వైపు బయటికి పెట్టి బిగించండి. సైకిలు సీటు ఎత్తు చూసుకోవాలంటే మడమను పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తిప్పండి. కాలు సరిగ్గా చాపుకోవాలి. ఆపైన పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. సీటు మరీ కిందికి ఉంటే నెల తిరగకుండా మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. మనవాళ్లు "పిల్లలకు కాళ్లు అందాలి" అని సీటు దించేస్తారు. మీలో ఇద్దరి సీట్లు నేనే చూశాను, పైకి లేపాలి.

ఆదివారం పొద్దున్న కబ్బన్ పార్కుకు వెళ్దాం. ఆ రోజు లోపలికి బళ్లు రానివ్వరు, స్కేట్ల పిల్లలూ సైకిళ్ల పిల్లలూ బోలెడుమంది ఉంటారు. ముఖాలు చూడకండి, కాళ్లు చూడండి. వేగంగా పోయేవాళ్లు కాలు వెనక్కి తంతున్నారా, పక్కకు తోస్తున్నారా? తోసిన కాలు నేల విడిచాక ఎంతసేపు ఊరికే గాల్లో ఉంటోంది? ఒకటి, రెండు అని లెక్కపెట్టి నాకు చెప్పండి.

మీ
తాతయ్య