తోలు అంచుకు కరక్కాయ వగరు

కోఠీలో ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న బెల్టు మూడు నెలలకే అంచుల దగ్గర పెచ్చులు లేచింది. అన్నాళ్ళూ నల్లగా నున్నగా కనిపించింది తోలు కాదని, పైన దట్టంగా పూసిన రంగని అప్పుడు తెలిసింది. పెచ్చు ఊడిన చోట నీలం, బూడిద కలిసిన రంగులో పీచు బయటపడింది. అప్పట్నుంచి పర్సు, బ్యాగు ఏది చేతికొచ్చినా ముందు అంచు చూస్తున్నాను, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.

తోలంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచు. మూడు పోగులు పెనవేసుకున్న తాడు లాంటి అణువులు. పచ్చి చర్మంలో అది కుళ్ళిపోతుంది కాబట్టి ఊనాలి, అంటే కుళ్ళకుండా పదును చేయాలి, అందుకు ఎక్కువగా వాడేవి రెండు దారులు: క్రోమియం లవణాలు, లేదా టానిన్లనే చెట్ల వగరు పదార్థాలు. మన దగ్గర తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్కతో ఊనేవాళ్ళు. అవును, బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. టానిన్ ఏం చేస్తుందో తెలియాలంటే కరక్కాయ ముక్క నోట్లో వేసుకోండి, లాలాజలంలోని ప్రోటీన్లను అది పట్టేసుకుంటుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. ఆ వగరే చర్మాన్ని తోలు చేస్తుంది.

టానిన్ తోలు అంచును కాస్త తడిపి, నున్నటి కర్రతో గట్టిగా, వేగంగా రుద్దితే రాపిడి వేడికి, తడికి పీచు మెత్తబడి ఒకదానిమీద ఒకటి పడుకుంటుంది, ఆరాక అలాగే ఉండిపోయి అద్దంలా మెరుస్తుంది. క్రోమియంతో ఊనిన క్రోమ్ తోలు, నా బెల్టు లాంటిది, ఇలా లొంగదు. టానిన్ తోలు సాధారణంగా 70 నుంచి 85 డిగ్రీల వేడినీళ్ళలో ముడుచుకుపోతే, బాగా ఊనిన క్రోమ్ తోలు మరిగే నీళ్ళను కూడా తట్టుకుంటుంది. రాపిడి వేడి దానికి చాలదు, ఎంత రుద్దినా పీచు మళ్ళీ లేస్తుంది. అందుకే దానికి పెయింటే గతి, అదీ పలచగా నాలుగైదు పూతలు, ఒక్కో పూత ఆరాక ఎమరీ పేపర్ పట్టి. నా బెల్టుకు బహుశా ఒకే పూత వేసి చేతులు దులుపుకున్నారు.

టానిన్ తోలుకు రంగు వేసే వరస కూడా ముఖ్యం. ఓసారి తొందరపడి ముందే తేనెమైనం రాశాను, తర్వాత రంగు మచ్చలు మచ్చలుగా తప్ప ఎక్కలేదు. ముందు 400, తర్వాత 600 నంబరు ఎమరీ పేపర్‌తో నునుపు చేసి, రంగు వేసి, రుద్ది, మైనం చివర్లో రాయాలి. ఇంకో తలనొప్పి, స్పిరిట్‌లో కలిపిన రంగు పీచు సందుల్లోంచి దీపం వత్తిలో నూనెలా పాకి తోలు పైభాగం మీదికి వచ్చేస్తుంది. ఇయర్ బడ్‌ను దాదాపు పొడిగా పిండి ఊరికే తాకించండి, మిగతాది అంచే లాక్కుంటుంది.

నాకు మాత్రం రంగు సీసా కంటే ఇనుప నీళ్ళంటేనే ఇష్టం. జింకు పూత లేని మేకులు వెనిగర్‌లో వేసి, గ్యాస్ పోయేలా మూత బిగించకుండా కొన్ని రోజులు ఉంచాను. ఇల్లంతా ఆవకాయ చెడిపోయినట్టు ఒకటే వాసన. ఆ నీళ్ళు టానిన్ తోలు అంచుకు తాకించగానే గోధుమరంగు కాస్తా ముందు బూడిదగా, చూస్తుండగానే నల్లగా మారింది. ఇది పూత కాదు, ఇనుము టానిన్‌తో కలిసి అక్కడికక్కడ పుట్టిన నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్ళతో గీసే నల్ల గీత వెనకున్నదీ ఇదే రసాయనం. ఆమ్లం ఎక్కువైతే తోలు పాడవుతుంది కాబట్టి ఆ తర్వాత వంటసోడా నీళ్ళతో తుడిచేస్తాను.

అదే ఊపులో పాత బెల్టు అంచు మీదా ఒక చుక్క వేశాను. క్రోమ్ తోలైనా కొన్నిటికి చివర్లో కాస్త టానిన్ పట్టిస్తారు, అలాంటివి కొంచెం నల్లబడొచ్చు. పది నిమిషాలు చూశాను. కాస్త తుప్పు మరక తప్ప ఏమీ రాలేదు.