అమ్మమ్మ డబ్బా ఫోనూ, ఆకు బొమ్మా

పిల్లలూ,

అమ్మమ్మకి కొనబోతున్న డబ్బా ఫోన్ అట్టపెట్టె మీద ఆకు బొమ్మ ఉందని రాశారు. "అంటే ఇది చెట్లకి మంచిదా తాతయ్యా?" అని అడిగారు. ఆకు బొమ్మ అచ్చెయ్యడానికి కాస్త పచ్చరంగు చాలు. పెట్టె పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకోండి.

అటక మీద హరికేన్ లాంతరు ఉంది కదా. చిమ్నీ పగిలితే లాంతరు పారేస్తామా? కొత్త చిమ్నీ తెస్తాం. వత్తి అయిపోతే కొత్త వత్తి ఎక్కిస్తాం. లాంతరు మాత్రం అదే. మా చిన్నప్పుడు దీపాల వేళకి చిమ్నీ తుడవడం పిల్లల పని, సన్నటి చెయ్యి లోపలికి దూరుతుందని. మెత్తటి గుడ్డ, చిటికెడు ముగ్గుపొడి. వేడి చిమ్నీ మీద నీటిచుక్క పడిందా, టప్పున చిట్లేది.

ఫోన్‌కి వత్తి బ్యాటరీ. కొన్ని వందలసార్లు ఛార్జింగ్ పెట్టాక అది అరిగిపోతుంది, అది దాని తప్పు కాదు. అందుకే ముందు వెనక మూత గోటితో ఊడుతుందా చూడండి. ఊడితే బ్యాటరీ మార్చుకోవచ్చు. మూత అతికించేసిన ఫోన్ అయితే, ఎంత పెద్ద ఆకు బొమ్మ ఉన్నా నేను కొనను.

ఇక కిరసనాయిలు, అంటే కరెంటు. బ్యాటరీ మీద 1000 ఎంఏహెచ్ (అంటే ఒక ఆంపియర్-అవర్), 3.7 వోల్టులు అని ఉందనుకోండి. గుణిస్తే 3.7 వాట్-అవర్లు. మధ్యలో పోయేది కలిపి 5 అనుకుందాం. ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు, అంటే 200 సార్లు నింపొచ్చు. వారానికి రెండుసార్లు ఛార్జింగ్ పెడితే దాదాపు రెండేళ్లకి ఒక్క యూనిట్! కానీ ఫోన్ తీసేశాక కూడా ఛార్జర్‌ని స్విచ్ వేసి ప్లగ్గులోనే వదిలేస్తే? అది 0.3 వాట్ తాగేదైతే ఏడాదికి రెండున్నర యూనిట్లు దాటుతుంది. ఫోన్ కన్నా ఖాళీ ఛార్జరే ఎక్కువ తాగుతుందన్నమాట.

2009లో మన దేశంలో శాంసంగ్ వాళ్లు సోలార్ గురు అని వీపు మీద సౌరఫలకం ఉన్న చిన్న ఫోన్ తెచ్చారు. గంటసేపు ఎండలో పెడితే ఐదు నుంచి పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు. ముచ్చటగానే ఉండేది కానీ, అది ఆదా చేసింది నూనె, అంటే కరెంటు మాత్రమే. అసలు భారం లాంతరు తయారీలో, అంటే ఫోన్ తయారీలో ఉంది: గనిలోంచి తవ్విన రాగి, తగరం, కోబాల్ట్. ఒకే ఫోన్ ఆరేళ్లు నడిస్తే, రెండేళ్లకోటి చొప్పున కొనే మూడింట్లో రెండు మిగిలినట్టే.

సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ తన వత్తి తనే పెంచుకుంటుంది. టవర్ దూరమైతే గట్టిగా అరవాలి మరి, అందుకే ఊరి చివర బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఫోన్‌కి మసి పట్టదుగా అంటారేమో, పడుతుంది! బ్యాటరీ ఆనే చిన్న రేకుల మీద చెమ్మకి పచ్చటి పొర పేరుకుని ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంటుంది. బ్యాటరీ తీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే సరి.

కొట్లో ఇంకేం చూడాలి? స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే ఆ ఫోన్‌ని గుర్తుపట్టే పదిహేనంకెల నంబరు వస్తుంది. పెట్టె మీదా, బ్యాటరీ కిందా అదే ఉండాలి. అంకెల బటన్లన్నీ ఒక్కొక్కటీ నొక్కండి, ప్రతిదీ టక్కుమనాలి. ఛార్జింగ్ పిన్ను పెట్టి కాస్త కదపండి, వదులుగా ఊగితే వద్దు, తరచూ పాడయ్యేది అదే. సిమ్ సంగతీ అడగండి. జియోకి 2జీ, అంటే పాతతరం నెట్‌వర్క్, లేదు, కాబట్టి 2జీ ఫోన్‌లో ఆ సిమ్ పనిచెయ్యదు. కొన్ని చవక ఫోన్లు ఒకే కంపెనీ సిమ్‌కి తాళమేసి ఉంటాయి. రేపు సిమ్ మార్చాలంటే ఫోనే మార్చాలి, అప్పుడిక ఆకు బొమ్మ ఎందుకు?

పాత ఫోన్ బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. చదునుగా ఉన్నది ఆగిపోతుంది. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టు. దాన్ని పొడవొద్దు, నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. చక్రాల చెత్తబుట్ట మీద అడ్డగీతలు కొట్టిన బొమ్మ ఉంటుంది చూడండి, నాకు ఆకు కన్నా ఆ బొమ్మ మీదే నమ్మకం. మామూలు చెత్తలో వెయ్యొద్దనీ, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వమనీ దాని అర్థం.

సిమ్ తీసినప్పుడు భూతద్దం పెట్టి దాని మీది పసుపు గళ్లు చూడండి. అది బంగారం పూత. తుప్పు పట్టదని పూస్తారు. అన్ని కోట్ల సిమ్‌ల మీద అంత పల్చగా ఎలా పూస్తారో నాకిప్పటికీ వింతే. అమ్మమ్మ ముక్కుపుడక పక్కన పెట్టి చూసి, రంగులో తేడా ఏమైనా ఉందేమో నాకు రాయండి.

మీ తాతయ్య