సౌతెండ్‌లో పాత ఇల్లు, గోడల చెమ్మ: అపోహలు - వాస్తవాలు

లండన్‌కు తూర్పున సముద్రం ఒడ్డునున్న సౌతెండ్ చుట్టుపక్కల, కొనబోయే ఇళ్ల పరిస్థితి చూసి చెప్పే సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్, ఇల్‌ఫర్డ్‌లలో అద్దెకుంటూ అక్కడి ధరలు అందక ఇటు వస్తున్న మనవాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే: "ఇల్లు వందేళ్ల పైబడిందటండీ, గోడలకు రైజింగ్ డ్యాంప్ ఉందట, కెమికల్ ఇంజెక్షన్ చేయించాలట, కొనమంటారా?" రైజింగ్ డ్యాంప్ అంటే నేలలోని నీళ్లు గోడలోంచి పైకి పాకడం, ఇంజెక్షన్ అంటే దాన్ని ఆపడానికని గోడ అడుగున రంధ్రాలు కొట్టి మందు ఎక్కించడం.

అపోహ: ఇవి సముద్రపు గాలికి వచ్చిపోయేవాళ్ల కోసం గబగబా లేపిన ఇళ్లు, వీటికి డీపీసీ (నేల చెమ్మ పైకి రాకుండా గోడ అడుగున వేసే అడ్డుపొర) ఉండదు, గోడలు నేలలోని నీళ్లు పీల్చేస్తాయి.

కాదు. వచ్చిపోయే జనం కోసం సముద్రంలోకి 2 కిలోమీటర్లకు పైగా పోయే పియర్ (వంతెనలాంటి కట్టడం) ఉంది, 1901లో తెరిచిన కుర్సాల్ అనే వినోద కేంద్రం ఉంది. వీధులకు వీధులు లేచిన ఇళ్లు మాత్రం ఎక్కువగా ఇక్కడ కాపురముండి రోజూ లండన్‌లో ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లవి, అంటే ఇప్పుడు మీరు చేద్దామనుకుంటున్న పనే వాళ్లూ చేశారు. రైలు 1856లోనే వచ్చింది, 1889లో లివర్‌పూల్ స్ట్రీట్ వైపు రెండో లైన్, 1895లో వెస్ట్‌క్లిఫ్ స్టేషన్, 1910లో పశ్చిమ లండన్‌లోని ఈలింగ్ నుంచి నేరుగా రైళ్లు. 1901లో సుమారు 29 వేలున్న జనాభా 1911 కల్లా 63 వేలకు దగ్గరైంది. అప్పటికే 1877 నాటి మోడల్ బైలాలు (ఇళ్లు కట్టడానికి ప్రభుత్వం ఇచ్చిన నమూనా నిబంధనలు) గోడలో డీపీసీ వేయాలని చెప్పి పాతికేళ్లు దాటింది. నేను చూసే ఎడ్వర్డియన్ (1901-1910 నాటి) ఇళ్లలో చాలావాటికి స్లేట్ పలకల డీపీసీ ఉంది, ఇప్పటికీ బాగానే ఉంది.

మరి చెమ్మ ఎక్కడిది? ఆ గోడలు తొమ్మిదంగుళాల మందం, మధ్యలో ఖాళీ లేదు, ఇటుకల మధ్య సున్నం. వానకు తడుస్తాయి, గాలికి ఆరతాయి. తర్వాత వచ్చినవాళ్లు వాటిమీద సిమెంటు పూసి ఆ ఆరే దారి మూసేశారు.

సౌతెండ్‌లోనే వెస్ట్‌క్లిఫ్ అనే పేటలో ఒక తెలుగు జంట ఇలాగే పిలిచారు. చంటిబిడ్డ, రాత్రిళ్లు దగ్గు, ఆ బిడ్డ తల్లి పూర్తిగా బెదిరిపోయి ఉంది. "అన్నా, ఇంజెక్షన్ రేపే చేయించేస్తాం, పాపకేమీ కాదు కదా" అంటోంది. ముందుగదిలో బే విండో (గోడ బయటికి పొడుచుకొచ్చిన కిటికీ) కింద ప్లాస్టర్ ఉబ్బి, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. బయటికెళ్లి చూస్తే కారు పెట్టుకోవడానికి పరిచిన రాళ్లు డీపీసీ కంటే పైకి వచ్చేశాయి, చెక్క నేల కిందికి గాలి పోవాల్సిన ఎయిర్‌బ్రిక్స్ (రంధ్రాల ఇటుకలు) రెండూ మట్టిలో కూరుకుపోయాయి. వాననీటి పైపు అతుకు దగ్గర గోడమీద ఆకుపచ్చ పాచి చార. వాన పడ్డ ప్రతిసారీ నీళ్లు అక్కడే కారుతున్నాయి. వెనక బెడ్‌రూమ్‌లో బయటి గోడకు ఆనించిన బీరువా జరిపితే నల్లటి బూజు. అది కండెన్సేషన్, అంటే గదిలోని ఆవిరి చల్లటి చోట నీరుగా మారడం. చలికాలం కిటికీలు బిగించుకుని, కుక్కర్ పెట్టి, బట్టలు రేడియేటర్ల మీద ఆరేస్తే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? చల్లటి గోడమీదే చేరుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ఇంజెక్షన్ మందు కాదు.

"చెమ్మ కొలిచే మీటర్ పెడితే కుయ్‌మంది కదా" అంటారు. ఆ పిన్నుల మీటర్ లెక్కలు చెక్క కోసం చేసినవి. ప్లాస్టర్‌లో లవణాలున్నా కూస్తుంది. ఉచితంగా చూసిపెడతామని వచ్చి, మీటర్ చూపించి, ఆ రిపేరు తామే చేస్తామనేవాళ్ల మాట మీద వేల పౌండ్లు పోయకండి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. రంధ్రాలు కొట్టి క్రీమ్ ఎక్కించి, మీటరు ఎత్తు ప్లాస్టర్ ఊడగొట్టి సిమెంటుతో పూస్తారు. కొన్నాళ్లు పొడిగా కనిపిస్తుంది, తర్వాత చెమ్మ ఆ పైన తేలుతుంది. ముందు పైపు బాగుచేయించండి, ఎయిర్‌బ్రిక్స్ తెరిపించండి, బయటి నేల డీపీసీకి కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి దించండి, వంటింట్లో ఆవిరి బయటికి తోసే ఫ్యాన్ పెట్టించండి. ఆ తర్వాత ఓపిక పట్టండి. తడి గోడ ఆరడానికి అంగుళానికి నెల అని మా లెక్క, అంటే తొమ్మిదంగుళాల గోడకు ముప్పావు ఏడాది. పాప దగ్గు సంగతి మాత్రం డాక్టర్‌కు చూపించండి, గోడ ఆరేదాకా ఆగొద్దు.

మిగతావి క్లుప్తంగా. బ్యాంకు వాల్యుయేషన్ చేసింది కాబట్టి సర్వే అక్కర్లేదు అనుకోకండి, అది బ్యాంకు అప్పు భద్రత కోసం. ఈ వయసు ఇంటికి లెవెల్ 3 సర్వే (అన్నిటికంటే వివరంగా చేసేది) చేయించండి. 2002లో ఇక్కడి క్లిఫ్ (సముద్రం పక్క కొండచరియ) జారిందని ఊరంతా జారుతుందని టెన్షన్ వద్దు, జారింది సముద్రం పక్క ఏటవాలు. లోపలి వీధుల్లో చూడాల్సింది బంకమట్టి, దగ్గర్లోని పెద్ద చెట్లు, ఐదు మిల్లీమీటర్లు దాటిన ఏటవాలు పగుళ్లు. ఇక ప్లాట్లు అమ్మిన రోజుల్లో దస్తావేజుల్లో రాసిన కవనెంట్లు (ఆ స్థలంలో ఏం కట్టకూడదో, ఏం చేయకూడదో చెప్పే షరతులు) వందేళ్లయింది కాబట్టి చెల్లవని ఎవరో అన్నారని ఎక్స్‌టెన్షన్ మొదలెట్టొద్దు. చాలావరకు అవి స్థలంతోపాటే వస్తాయి, ప్లానింగ్ పర్మిషన్ వచ్చినా పోవు. పునాది తవ్వకముందే సొలిసిటర్ (లాయర్)తో చదివించుకోండి.