పాత్రల దగ్గర అరువు తెచ్చుకునే ధైర్యం

ఎండాకాలం వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో భారతాలు మొదలవుతాయి. ధర్మరాజుల గుడి దగ్గర రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి నాటకం. చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు జరుపుతారు. ముగింపు రోజుల్లో దుర్యోధన వధ. మట్టితో చేసిన దుర్యోధనుడు మైదానం నిండా వెల్లకిలా పడి ఉంటాడు. వేషాలు కట్టిన భీముడూ దుర్యోధనుడూ ఆ బొమ్మ చుట్టూ గదలతో తరుముకుంటారు. తొడ మీద దెబ్బ పడగానే జనం ఒక్కసారిగా కేక వేస్తారు. అప్పుడుగానీ ద్రౌపది జుట్టు ముడి వేసుకోదు. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

ఆ సమయంలో ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లను గమనించండి. వస్త్రాపహరణం ఆడిన రాత్రి కొంగుతో కళ్లు ఒత్తుకున్నది వీళ్లే. ఎవరి కష్టం తలుచుకుని ఏడ్చారని అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. ద్రౌపది కోసమే అనుకుంటారు. గాయపడ్డ మనసుకు ఆ చాటు చాలా అవసరం.

ద్రౌపదిని 'పాత్ర' అంటే మావైపు చాలామంది ఒప్పుకోరు, ఆమె మాకు అమ్మవారు. ఆ భక్తికి దణ్ణం పెట్టే ఈ మాట చెబుతున్నాను. గుళ్లో దేవతైనా, నవల్లో నాయికైనా, పిల్లలు చూసే కార్టూన్ వీరుడైనా, వాళ్ల కథలో లీనమైనప్పుడు మన మనసు చేసే పనిలో పోలిక చాలా ఉంది.

పెద్ద ప్రమాదం, అత్యాచారం, వరద, ఇంట్లో ఏళ్ల తరబడి దెబ్బలు, ఇలాంటివి మిగిల్చే గాయాన్ని ట్రామా అంటున్నాం. దాని తర్వాత వచ్చే జబ్బుల్లో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) ఒకటి. అమెరికా సైకియాట్రీ సంఘం దాన్ని 1980లో తన జబ్బుల పట్టికలో చేర్చింది. మామూలు జ్ఞాపకం 'అప్పుడెప్పుడో జరిగింది' అన్న గుర్తుతో వస్తుంది. ట్రామా జ్ఞాపకం అలా రాదు. ఒక వాసనో చప్పుడో తగిలితే చాలు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లంతా వణుకుతుంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం కేకలు పెడుతుంది. 'ఆ రోజు అయిపోయింది, ఇది వేరే రోజు' అని సర్దిచెప్పాల్సిన భాగాల మాట చెల్లదు. అందుకే మనిషి ఆ చోటుకు పోడు, ఆ మాట ఎత్తడు. తప్పించుకున్న కొద్దీ భయం ముదురుతుంది. తగ్గాలంటే ఎప్పుడో ఒకప్పుడు, భద్రమైన చోట, కొంచెం కొంచెంగా దాని దగ్గరికి పోవాలి. చికిత్సల్లో చాలావాటి సారం ఇదే. కానీ 'నాకు ఇలా జరిగింది' అని నోరు తెరవడమే కొండెక్కినంత కష్టం.

అక్కడే పాత్ర పనికొస్తుంది. 2021 నవంబర్ వానలకు తిరుపతిలో వీధులు కాలువలయ్యాయి. మాకు తెలిసిన ఇంట్లోకి అర్ధరాత్రి నీళ్లొచ్చాయి. ఆ ఇంటి పిల్లాడు ఆ తర్వాత చినుకు పడితే చాలు మంచం కిందకు దూరేవాడు. పెద్దవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. వాళ్ల అవ్వకు హరికథలంటే ప్రాణం. ఆమె బతిమాలడం మానేసి, "అబ్బోడా, ఇప్పుడు నువ్వు భీముడివి. వాన పడతా ఉంటే భీముడు గడప దాకా పోతాడా, వాకిలి దాకా పోతాడా?" అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి "గడప దాకా" అన్నాడు, పోయి నిలబడ్డాడు. ఆ రోజుకు అంతే. వాకిలి దాకా పోవడానికి ఇంకా చాలా వానలు పట్టాయి.

అవ్వ చేసిన పనికి దగ్గరి పరిశోధన ఒకటుంది. అమెరికాలో నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు పది నిమిషాలు విసుగు పుట్టించే పని ఒకటిచ్చి, పక్కనే ఆట పెట్టారు. కొందరిని 'నేను బాగా చేస్తున్నానా?' అని తమను తాము అడుగుతుండమన్నారు. కొందరిని తమ పేరుతో, ఇంకొందరిని బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం కట్టి ఆ పాత్ర పేరుతో అడుగుకోమన్నారు. వేషం కట్టినవాళ్లే పనిలో ఎక్కువసేపు నిలిచారు. 2017లో అచ్చయిన ఈ ప్రయోగం ట్రామా మీద చేసింది కాదు. అయినా 'నేను' నుంచి ఒక అడుగు పక్కకు జరిగితే మనసుకు ఎంత పట్టు దొరుకుతుందో చూపించింది. భయం మీద నేరుగా చేసిన పని 1968 నాటిది. ఆల్బర్ట్ బండూరా, కుక్కలంటే హడలిపోయే చిన్నపిల్లలకు కుక్కలతో ఆడుకునే పిల్లల సినిమాలు చూపించాడు. తెర మీద చూసినందుకే వాళ్ల భయం తగ్గింది. రకరకాల పిల్లలు, రకరకాల కుక్కలు ఉన్న సినిమా ఇంకా బాగా పనిచేసింది.

పెద్దవాళ్లకు వేషం ఎందుకంటారా? తిరుపతి గంగమ్మ జాతర చూడండి. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాణ్ణి వెతికి చంపడానికి గంగమ్మ రోజుకో వేషం వేసిందని కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా ఆ వేషాలన్నీ జనం వేస్తారు. బండ వేషంలో నోటికొచ్చిన తిట్టు తిట్టినా ఎవరూ తప్పుపట్టరు. జార్జ్ కెల్లీ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1955లో ఇలాంటి ఆలోచననే చికిత్సగా మలిచాడు. వచ్చిన మనిషి కోసం ఒక కొత్త పాత్రను, పేరుతో సహా రాసిచ్చి, రెండు వారాలు ఆ పాత్రగా బతికి చూడమనేవాడు. తను ఇంకోలా కూడా ఉండగలనని మనిషికి అనుభవంలో తెలియాలని అతని ఉద్దేశం.

ఇక కథ ముగింపు మార్చడం. లైంగిక హింసకు గురై పీడకలలతో నలిగిపోతున్న మహిళలతో చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. పీడకలను తమకు నచ్చినట్టు మార్చుకుని, ఆ కొత్త కలను రోజూ మెలకువలో మనసులో చూసుకోమన్నారు. పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పాత్ర ఆసరాగా గడప దాకా పోతే మంచిదే. అదే పాత్ర చాటున మంచం కిందే ఉండిపోతే, అంటే రాత్రంతా సిరీస్‌లు చూస్తూ మనుషులకు, పనికి దూరమైపోతే, అది తప్పించుకోవడమే.

ఎలాంటి పాత్రను ఎంచుకోవాలి? ఓటమి ఎరగని హీరోలకంటే, విరిగి లేచినవాళ్లే ఎక్కువ ఆసరా ఇస్తారని నా నమ్మకం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే, వాళ్ల మాటల్లో గ్రీకు వీరుడు అకిలీస్ గోడే వినబడిందని 1994లో పుస్తకం రాశాడు. మనకు ధర్మరాజు ఉన్నాడు. మా నాటకాల్లో అగ్నిగుండం అయ్యాక పట్టాభిషేకంతో మంగళం పాడేస్తారు. భారతంలో మాత్రం గెలిచిన ధర్మరాజు కుప్పకూలిపోతాడు. కర్ణుడు అన్న అని తెలిశాక రాజ్యమే వద్దు, అడవికి పోతానంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. ఆ తర్వాత అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర కూర్చుని ఎన్నెన్నో ప్రశ్నలు అడుగుతాడు. అంతమంది, అంతసేపు మాట్లాడాల్సి వచ్చింది.

మీకు ప్రాణమైన పాత్ర ఉంటే, డాక్టర్‌కో కౌన్సెలర్‌కో ఆ పేరు చెప్పండి. మీ సంగతి చెప్పలేకపోతే, ఆ పాత్రకు ఏం జరిగిందో, ఏ చోట మీకు గొంతు పట్టేస్తుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఎవరి దగ్గరికి పోవాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 నుంచి పనిచేస్తోంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.