సోఫా మీద పసుపు ఎందుకు ఎర్రబడింది?

సంక్రాంతికి నెల్లూరులో మా ఇంటికి చుట్టాలందరూ వచ్చారు. అందరం హాల్లో కూర్చుని తింటుంటే పిల్లవాడి కంచం ఒరిగి, చేపల పులుసు లేత గోధుమ రంగు లెదర్ సోఫా మీద పడింది. మా పిన్ని గబగబా బట్టల సబ్బు తెచ్చి తడి గుడ్డతో రుద్దింది. పసుపు మరక పోలేదు సరికదా, చూస్తుండగానే ఇటుక ఎరుపుకు తిరిగింది. ‘అయ్యో, తోలు కాలిపోయిందేమో’ అని ఆమె ఒకటే కంగారు.

తోలు కాలలేదు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి కదా, ఇదీ అంతే. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థానికి క్షారం తగిలితే రంగు మారుతుంది. సబ్బులో క్షారం ఉందని ఆ మరకే మనకు చూపించింది. మరక సంగతి అటుంచితే, ఆ క్షారం తోలును ఏం చేస్తుందన్నదే అసలు విషయం.

పచ్చి తోలులో ముఖ్యంగా ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు పురుల తాడులా మెలిపడిన సన్నని పోగులవి. అలాగే వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. కుళ్లకుండా చేసేదే టానింగ్. నేరేడు పండు తింటే వగరుకు నోరు పీక్కుపోతుంది. పండులోని టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడం వల్లే అలా అవుతుంది; తోలులోని కొల్లాజెన్‌నూ అవి అలాగే పట్టేస్తాయి. మన పక్క రోడ్ల వెంట పసుపుపచ్చగా పూసే తంగేడు చెట్టు బెరడులోనూ ఆ వగరే ఉంది. వెనకటి నుంచి మద్రాసు వైపు తోళ్లను ఆ బెరడుతోనే పదును చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడుతున్నారు. పచ్చి తోలు 60 డిగ్రీలు దాటిన నీళ్లలో ముడుచుకుపోతుంది. క్రోమియం పట్టిన తోలు మరిగే నీళ్లకు కూడా తట్టుకుంటుంది.

ఈ పని అంతా ఆమ్లంలో జరుగుతుంది కాబట్టి సోఫా తోలు పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) దాదాపు 4 దగ్గర ఉంటుంది. బట్టల సబ్బుది 9, 10. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పదింతలు. ఐదంకెల తేడా అంటే లక్ష రెట్లు! పోగులు ఒకదానిమీద ఒకటి మెత్తగా జారడానికి ఫ్యాక్టరీలో వాటి మధ్యకు నూనె ఎక్కిస్తారు. సబ్బుతో పదేపదే రుద్దితే ఆ నూనె కొట్టుకుపోతుంది. ఆరాక తోలు బిర్రబిగుసుకుని, కూర్చునే చోట పగుళ్లిస్తుంది.

నూనె పోయింది కదా అని కొబ్బరినూనె రాయడం ఇంకో పొరపాటు. చాలా సోఫాల మీద రంగు పూత ఉంటుంది. నూనె లోపలికి ఇంకక జిడ్డుగా పైనే ఉండి దుమ్మును పట్టేస్తుంది. పూత లేని తోలైతే నల్లబడుతుంది. మీది ఏ రకమో తెలియాలంటే కనపడని మూల ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత ఉన్నట్టు, ఇంకితే లేనట్టు. తల ఆనే చోటే రంగు ముందు పోవడానికి కారణం కూడా మన తలనూనే, చెమటే.

మన జిల్లాలో తోలుకు అసలు గండం మాత్రం వాన. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమ బాగా పెరుగుతుంది. తేమ 70 శాతం పైన అలాగే ఉంటే బూజుకు పండగే. ఊరెళ్తూ సోఫాకు ప్లాస్టిక్ కప్పి పోతే వచ్చేసరికి తెల్లటి, ఆకుపచ్చటి మచ్చలుంటాయి. నూలు దుప్పటి కప్పండి. సోఫా వెనక గోడకు జానెడు సందు వదలండి. బూజు పట్టిందంటే సోఫాను వరండాలోకి జరిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని పొడిగుడ్డతో తుడిచి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. హాల్లోనే దులిపితే ఆ బూజు బీజాలు ఇల్లంతా పడతాయి.

మామూలు రోజుల్లో వారానికోసారి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. వానలు తగ్గాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి లెదర్ కండిషనర్ పలచగా రాస్తే చాలు. పెన్ను గీతలకు శానిటైజర్ జోలికి వెళ్లకండి. గీతతో పాటు రంగూ లేచిపోతుంది. ఇదంతా అసలు తోలుకే. సోఫా అడుగున, తోలు మడత పెట్టిన అంచులో నేత గుడ్డ కనిపిస్తే అది రెక్సిన్. దాని పూత తేమకు పొరలు పొరలుగా రాలిపోతుంటే ఏ కండిషనరూ ఆపలేదు.

ఆ రోజు పిన్ని చేతిలోంచి సబ్బు తీసి పక్కన పెట్టి, గట్టిగా పిండిన తడిగుడ్డతో నాలుగైదుసార్లు అద్దాను. సబ్బు పోయేకొద్దీ ఎరుపు మళ్లీ పసుపైంది. లెదర్ క్లీనర్‌తో చాలావరకు వదిలింది. మిగిలిన లేత మచ్చ కిటికీ వెలుతురుకే రోజురోజుకీ తగ్గుతోంది, కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. అలాగని సోఫాను ఎండలో పెట్టలేదు. మన మే నెల ఎండ మరకతో పాటు తోలు రంగునూ తీసుకుపోతుంది.